హై సియెర్రా: పరారీ కథకు కొండ ఎందుకు కావలసి వచ్చింది

క్లుప్తంగా: 1941 జనవరిలో వార్నర్ బ్రదర్స్ సంస్థ విడుదల చేసిన ‘హై సియెర్రా’ చిత్రాన్ని కొందరు ఫిల్మ్ నోయిర్, అంటే చీకటి స్వభావమున్న నేరకథా చిత్రాల ధోరణికి తొలిమెట్టుగా లెక్కిస్తారు, మరికొందరు 1930ల నాటి గ్యాంగ్‌స్టర్ చిత్రాలకు చివరి మజిలీ అంటారు. ఈ రెండు అభిప్రాయాలకూ మూలం ఒకటే. నేరస్థుడు శిక్ష తప్పించుకోకూడదన్న నాటి హాలీవుడ్ నియమం కథ ముగింపును ముందే తేల్చేసింది. దాంతో వాడు దొరుకుతాడా లేదా అన్న ఉత్కంఠకు చోటు తగ్గి, వాడి ముందున్న దారులు ఒక్కొక్కటిగా ఎలా మూసుకుపోతాయన్నదే అసలు కథ అయింది.

పేరు ఆలస్యంగా వచ్చింది

రాతలో నోయిర్ అనీ, ఫ్రెంచి ఉచ్చారణలో న్వార్ అనీ వినిపించే ఈ మాటకు ‘నలుపు’ అని అర్థం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జర్మన్ ఆక్రమణ వల్ల ఫ్రాన్స్‌కు చేరని హాలీవుడ్ చిత్రాలు 1946లో పారిస్ తెరల మీదికి వరుసగా వచ్చాయి. వాటిలోని నేరకథల్లో కొత్తగా కనిపించిన చీకటి స్వభావాన్ని గుర్తించి విమర్శకుడు నీనో ఫ్రాంక్ ఆ ఏడాదే ఈ మాటను వాడాడు. అంటే ‘హై సియెర్రా’ తీసేనాటికి దాన్ని తీసినవారెవరికీ ఈ పేరు తెలియదు. దర్శకుడు రౌల్ వాల్ష్ దృష్టిలో గానీ, స్టూడియో లెక్కల్లో గానీ అది ఒక నేరకథ మాత్రమే.

గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. నోయిర్ అనగానే వానలో తడిసిన నగర వీధి, కిటికీ పలకల నీడలు, మగవాణ్ణి ముంచే మాయలాడి గుర్తుకు వస్తాయి. ‘హై సియెర్రా’లో ఇవేవీ పెద్దగా కనిపించవు. ఛాయాగ్రాహకుడు టోనీ గాడియో ఇందులో చాలా భాగాన్ని ఎండలో, పైన్ చెట్ల మధ్య, నున్నటి గ్రానైట్ రాళ్ల మీద చిత్రీకరించాడు. ఇందులోని స్త్రీ ముంచేది కాదు, చివరిదాకా వెంట నిలిచేది. పైపై గుర్తులు చూసి సరిపోల్చుకునే పద్ధతిలో ఈ చిత్రం నోయిర్ కిందికి రాదు. గతం వదలకపోవడం, చేసిన ప్రతి మంచి పనీ ఎదురుతిరగడం, ఓటమి ముందే రాసిపెట్టి ఉండటం వంటి అంతర్గత లక్షణాలు చూస్తే మాత్రం, తర్వాత నోయిర్ అని పేరు పొందిన చాలా చిత్రాల కంటే ఇదే ఆ పేరుకు ఎక్కువగా తగుతుంది.

డిలింజర్ నీడ

కథానాయకుడు రాయ్ ఎర్ల్ ఇండియానా రాష్ట్రపు రైతు బిడ్డ, పేరుమోసిన బ్యాంకు దొంగ, ఏళ్ల తరబడి జైల్లో మగ్గినవాడు. ఈ వివరాలు ఊరికే పుట్టినవి కావు. అదే రాష్ట్రంలో పుట్టిన జాన్ డిలింజర్ 1933 మేలో పెరోల్ మీద విడుదలై, వరుస బ్యాంకు దోపిడీలతో దేశాన్ని అట్టుడికించి, 1934 జులై 22న షికాగోలోని బయోగ్రాఫ్ థియేటర్ నుంచి సినిమా చూసి బయటికి వస్తుండగా ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) ఏజెంట్ల కాల్పుల్లో చనిపోయాడు. ‘హై సియెర్రా’ నవల రాసిన డబ్ల్యూ. ఆర్. బర్నెట్‌కు ఈ ప్రపంచం కొత్తది కాదు. గ్యాంగ్‌స్టర్ చిత్రాలకు బాట వేసిన ‘లిటిల్ సీజర్’ కూడా ఆయన నవలే. ‘హై సియెర్రా’ నవల 1940లో వచ్చింది. దాన్ని జాన్ హ్యూస్టన్‌తో కలిసి ఆయనే తెరకు మలిచాడు.

చిత్రంలో డిలింజర్ పేరు నేరుగానే వినిపిస్తుంది. పాత పరిచయస్థుడైన డాక్టర్ ఒకరు రాయ్‌తో మాట్లాడుతూ, వాళ్లలాంటి మనుషులు చావు వైపే పరుగెడుతున్నారని డిలింజర్ అన్నట్టుగా గుర్తుచేస్తాడు. ఆ తరం ముగిసిపోయిందన్న ఎరుక కథ మొత్తం మీద పరుచుకుని ఉంటుంది. నమ్మకస్థులైన పాతవాళ్లంతా చచ్చిపోవడమో, ఆల్కట్రాజ్ జైల్లో ఉండటమో జరిగిందని ముఠా పెద్ద బిగ్ మ్యాక్ మంచం మీద నుంచే వాపోతాడు. రాయ్ చేతికింద అతను పెట్టినవాళ్లు ఇద్దరు కుర్రాళ్లు, హోటల్లో పనిచేసే ఒక గుమాస్తా. వాళ్లను చూడగానే రాయ్ ముఖంలో కనిపించే చిరాకు, పని తెలిసిన మేస్త్రీకి పనిరాని కూలీలను అప్పగించినప్పటి చిరాకు.

ఆ తరం ఎలా అంతరించిందన్నది చరిత్రకు సంబంధించిన సంగతి. 1930ల మొదట్లో బ్యాంకు దొంగలకు వేగంగా పోయే కారూ రాష్ట్ర సరిహద్దూ రెండు పెద్ద ఆసరాలు. దొంగ సరిహద్దు దాటితే స్థానిక పోలీసుల అధికారం అక్కడితో ఆగిపోయేది. 1934లో అమెరికన్ కాంగ్రెస్ చేసిన చట్టాలు ఈ వెసులుబాటును తీసేశాయి. కొన్ని తీవ్ర నేరాల్లో విచారణ తప్పించుకోవడానికి రాష్ట్రం దాటడమే ఫెడరల్ నేరమైంది. మరుసటి ఏడాదే ఫెడరల్ దర్యాప్తు సంస్థకు ఎఫ్‌బీఐ అన్న పేరు స్థిరపడింది. గస్తీ కార్లలోకి రేడియో వచ్చింది. 1940 నాటికి పారిపోయేవాడి కంటే వాడి గురించిన వార్తే వేగంగా ప్రయాణించే స్థితి ఏర్పడింది. రాయ్ ఎర్ల్ కారు అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాల నుంచి కాలిఫోర్నియా దాకా రాష్ట్రాలు దాటుకుంటూ వస్తుంది. ఆ దూరం వల్ల అతనికి ఒరిగేది మాత్రం ఏమీ ఉండదు.

నియమావళి వేసిన ముడి

హాలీవుడ్ నిర్మాతల సంఘం 1930లో ఆమోదించిన నిర్మాణ నియమావళి మొదట్లో కాగితాలకే పరిమితమైంది. 1934 మధ్య నుంచి జోసెఫ్ బ్రీన్ నాయకత్వంలోని కార్యాలయం దాన్ని కచ్చితంగా అమలు చేసింది. ఆ కార్యాలయం ముద్ర లేకుండా సినిమా విడుదల చేస్తే సభ్య సంస్థకు 25,000 డాలర్ల జరిమానా పడేది. ప్రేక్షకుల సానుభూతి నేరం పక్షాన చేరకూడదు, నేరం చేసే పద్ధతిని వివరంగా చూపకూడదు, తప్పు చేసినవాడు శిక్ష తప్పించుకోకూడదు అన్నవి అందులో ముఖ్యమైన నిబంధనలు. డిలింజర్ జీవితం మీద ఎవరూ సినిమా తీయరాదని సంఘం అధ్యక్షుడు విల్ హేస్ 1934లో ప్రత్యేకంగా ఆదేశించాడు. ఆ పేరుతో సినిమా రావడానికి 1945 దాకా పట్టింది.

ఈ నియమాలతో స్టూడియోలు రెండు రకాలుగా సర్దుకున్నాయి. తుపాకిని పోలీసు చేతిలో పెట్టి, అదే నటుణ్ణి అదే దూకుడుతో చట్టం వైపు చూపడం మొదటి దారి. గ్యాంగ్‌స్టర్ పాత్రలతో పేరుపొందిన జేమ్స్ కాగ్నీ 1935లో ఫెడరల్ ఏజెంటుగా కనిపించింది అందుకే. రెండోది మరింత నేర్పుతో కూడినది: నేరస్థుడి చావును ఒప్పుకుని, ఆ చావు దాకా నడిచే దారిని మాత్రం తమకు కావలసినట్టు నింపుకోవడం. ‘హై సియెర్రా’ ఈ రెండో దారి పట్టింది. రాయ్ చస్తాడని మొదటి రీలు నుంచే ప్రేక్షకుడికి తెలుసు. తెలిసిన చావుకు భయం ఉండదు, జాలి ఉంటుంది. నేరం పట్ల సానుభూతి పుట్టకుండా ఆపడానికి పెట్టిన నిబంధనే నేరస్థుణ్ణి విషాద నాయకుడి స్థానంలో కూర్చోబెట్టింది. బ్రీన్ కార్యాలయం ఊహించని ఫలితం ఇదే.

ఒక్కో దారీ మూసుకుపోయే తీరు

కథ ఒక క్షమాభిక్షతో మొదలవుతుంది. గవర్నర్ సంతకం మీద రాయ్ విడుదలవుతాడు. ఆ సంతకం బిగ్ మ్యాక్ డబ్బుతో కొన్నది. జైలు గేటు దాటగానే రాయ్ తన కోసం వచ్చిన కారెక్కకుండా పార్కు వైపు నడుస్తాడు. గడ్డి ఇంకా పచ్చగానే ఉందా, చెట్లు పెరుగుతున్నాయా అని చూసుకోవాలని అతని కోరిక. ఆ కాసేపే అతను నిజంగా స్వేచ్ఛగా ఉన్న సమయం. తర్వాతదంతా అప్పు తీర్చడమే. కొనిచ్చిన స్వేచ్ఛకు వెలగా అతను కాలిఫోర్నియాలోని ఒక రిసార్ట్ హోటల్ లాకర్లు దోచిపెట్టాలి. కనక పరారీ దోపిడీతో మొదలవలేదు, విడుదలతోనే మొదలైంది.

ఇక్కడి నుంచి కథనం వడ్డీలెక్కలా నడుస్తుంది. రాయ్ చూపిన ప్రతి ఆదరణా ఎక్కడో ఒకచోట ఖర్చు కింద తేలుతుంది. దారిలో ఎదురైన పేద కుటుంబంలోని అమ్మాయి వెల్మాకు పుట్టుకతో పాదం వంకర. జైల్లో నేర్చుకున్న నక్షత్రాల పేర్లు ఆమెకు చెప్పడం, ఆమె శస్త్రచికిత్సకు డబ్బు పెట్టడం రాయ్ తన పాత పల్లెజీవితంలోకి తిరిగి నడవడానికి చేసిన ప్రయత్నాలు. ఆమె ఇంకొకరిని ప్రేమిస్తున్నానని ముందే చెబుతుంది. నయమయ్యాక అతను చూడబోతే కొత్తగా వచ్చిన పాదాలతో ఆ ఇంకొకరితో నాట్యం చేస్తూ కనిపిస్తుంది. తలకు రెండు పక్కలా నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించి, నల్లసూటు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డ రాయ్ ఆ గదిలో ఎవరికీ చెందడు. ఈ ఘట్టాల్లో భావుకత పాలు కాస్త ఎక్కువే. అయితే మామూలు జీవితం అనే తలుపు మూసుకుపోయే చప్పుడు వినిపించేది ఇక్కడే, అది లేకుంటే కొండ మీది ముగింపుకు బరువు రాదు.

దోపిడీ తర్వాత సంఘటనలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. కుర్రాళ్లిద్దరూ కారు ప్రమాదంలో చనిపోతారు. బతికి బయటపడ్డ గుమాస్తా పోలీసులకు అన్నీ చెప్పేస్తాడు. నగలు అప్పజెప్పడానికి వెళ్లేసరికి బిగ్ మ్యాక్ మంచంలోనే ప్రాణం విడిచి ఉంటాడు. ఒకప్పుడు పోలీసుగా పనిచేసిన అతని అనుచరుడు నగలు తనకే కావాలని తుపాకి ఎత్తుతాడు, రాయ్ అతన్ని చంపి తానూ గాయపడతాడు. దొంగసొత్తు కొనేవాడు డబ్బుకు గడువు అడుగుతాడు. ఈలోగా పత్రికలు రాయ్‌కు ‘మ్యాడ్ డాగ్’, అంటే పిచ్చికుక్క అన్న పేరు తగిలించి ఫొటోతో సహా అచ్చువేస్తాయి. తెర మీద మనకు కనిపించిన మనిషికీ పత్రికలు రాసిన మనిషికీ పొంతన ఉండదు. ఆ పేరు చూసి రాయ్ నొచ్చుకోవడం ఈ చిత్రంలోని సూక్ష్మమైన ఘట్టాల్లో ఒకటి.

అతను దొరికిపోవడానికి చివరికి పనికొచ్చిన ఆనవాలు ఒక కుక్క. పార్డ్ అనే ఆ వీధికుక్క ఎవరిని ఆశ్రయిస్తే వాళ్లకు కీడు జరుగుతుందని, దోపిడీకి ముందు ముఠా దిగిన కొండ మీది శిబిరంలో ముందే ఒక మాట వినిపిస్తుంది. రాయ్, అతన్ని ప్రేమించిన మేరీ దాన్ని వదిలించుకోలేరు. ఒక స్త్రీ, ఒక కుక్కతో తిరుగుతున్న మనిషి అని పత్రిక రాయగానే, వాళ్లు అద్దెకు దిగిన గది యజమాని వాళ్లను పోల్చుకుంటాడు. మేరీని, బుట్టలో పెట్టిన కుక్కను బస్సెక్కించి రాయ్ ఒంటరిగా మిగులుతాడు. లక్షల డాలర్ల నగలు దోచినవాడు దారిఖర్చుకు డబ్బులేక ఒక చిన్న దుకాణాన్ని బెదిరించి దోచుకోవలసి వస్తుంది. ఆ దోపిడీ కబురే రేడియోలో పాకి పోలీసు కార్లను అతని వెనక నిలబెడుతుంది. పెద్ద దోపిడీకి దొరకనివాడు చిల్లర దోపిడీకి దొరికాడు. ఈ గొలుసులో దురదృష్టం పాత్ర ఉంది గానీ, గొలుసు మొత్తం దురదృష్టం కాదు. ప్రతి లంకెలోనూ రాయ్ ఎవరినో ఒకరిని నమ్మడమో, ఎవరి మీదో మమకారం పెంచుకోవడమో కనిపిస్తుంది.

ఘాట్ రోడ్డు

అలాస్కాను మినహాయిస్తే అమెరికాలో అతి ఎత్తయిన శిఖరం, కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా పర్వతాల్లో ఉన్న మౌంట్ విట్నీ. దాని ఎత్తు 4,421 మీటర్లు. దాని పాదాన ఓవెన్స్ లోయలో లోన్ పైన్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడి నుంచి విట్నీ పోర్టల్ దాకా సుమారు 20 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు 1,100 మీటర్ల పైచిలుకు ఎత్తు నుంచి దాదాపు 2,550 మీటర్ల ఎత్తుకు చేరి అక్కడే ఆగిపోతుంది. ఆపైన కాలిబాటే. 1940లో చిత్రబృందం చివరి వెంటాటను ఈ రోడ్డు మీదే చిత్రీకరించింది.

వాల్ష్ ఈ ఘట్టాన్ని కారు లోపలి నుంచి కాక ఎక్కువగా కొండవాలు మీద నుంచి చూపాడు. కెమెరా ఒక మలుపు దగ్గర నిలబడి, దుమ్ము లేపుకుంటూ వచ్చిన రాయ్ కారుతో పాటు గిరుక్కున తిరుగుతుంది. అది పై మలుపులో మాయమయ్యేలోగా వెనక పోలీసు కార్లు, మోటార్ సైకిళ్లు అదే దుమ్ములోంచి బయటపడతాయి. మైదానంలో వెంటాట అయితే రోడ్డు చీలుతుంది, పక్కదారి దొరుకుతుంది, కనీసం ఆశ ఉంటుంది. ఘాట్ రోడ్డులో ఉన్నది ఒకటే దిక్కు. పైకి పోయేకొద్దీ వేగం తగ్గుతుంది, మలుపు తిరిగిన ప్రతిసారీ వెంటాడేవాళ్లు కింద కనిపిస్తూనే ఉంటారు. మూసుకుపోతున్న దారుల గురించి కథ అంతసేపూ చెప్పినదాన్ని నేల స్వరూపమే ఈ కొన్ని నిమిషాల్లో చేసి చూపిస్తుంది.

రోడ్డు ముగిశాక రాయ్ రాళ్ల మధ్యకు ఎక్కి రాత్రంతా అక్కడే దాక్కుంటాడు. కింద జనం పోగవుతారు, రేడియో వ్యాఖ్యాత అక్కడి నుంచే ఉత్కంఠగా వర్ణిస్తుంటాడు, విలేఖరులు కబుర్లాడుతుంటారు. వేట వినోదంగా మారిన ఈ దృశ్యం నేటి ప్రత్యక్ష ప్రసారాలకు అలవాటుపడినవారికి ఏమాత్రం పాతగా అనిపించదు. బస్సు దిగి అక్కడికి చేరిన మేరీని, రాయ్‌ను పిలిచి లొంగిపొమ్మని చెప్పమంటారు. ఆమె పిలవదు. కుక్క మాత్రం బుట్టలోంచి తప్పించుకుని మొరుగుతూ పైకి పరుగెడుతుంది. ఆ మొరుగు విని, మేరీ వచ్చిందని గ్రహించి, ఆమె పేరు పిలుస్తూ రాయ్ రాళ్ల చాటు నుంచి లేస్తాడు. అప్పటికే ఇంకా పైకెక్కి, దుర్భిణి బిగించిన తుపాకితో కాచుకున్న గురికాడు వెనక నుంచి కాలుస్తాడు.

జైలు యాసలో గోడ బద్దలుకొట్టుకుని పారిపోవడానికి వాడే ‘క్రాష్ అవుట్’ అన్న మాట చిత్రంలో అంతకుముందే వస్తుంది. రాయ్‌కు అది జైలు నుంచి బయటపడటం, మేరీకి తాగుబోతు తండ్రి ఇంటి నుంచి బయటపడటం. శవం పక్కన మోకాళ్ల మీద కూర్చున్న మేరీ ఆ మాటకు అర్థమేమిటని ఒక విలేఖరిని అడుగుతుంది. స్వేచ్ఛ వచ్చిందని అర్థం అంటాడతను. నియమావళి దృష్టిలో ఇది శిక్ష. మేరీ చెవికి ఇది విడుదల. రెండు అర్థాలూ ఒకే షాట్‌లో ఇమిడిపోవడం వల్లే ఈ ముగింపు సెన్సారునూ దాటింది, కాలాన్నీ దాటింది.

ఓడరేవు, గది, గ్యాస్ ట్యాంకు

పరారీలో ఉన్నవాణ్ణి ఒక స్థలానికి కట్టిపడేయడం హాలీవుడ్ కనిపెట్టింది కాదు. ఫ్రాన్స్‌లో 1937 నాటి ‘పెపె లె మోకో’లో జాన్ గాబాఁ పోషించిన దొంగ అల్జీర్స్ పాతబస్తీ సందుల్లో ఉన్నంతకాలం క్షేమంగా ఉంటాడు, ప్రేమకోసం ఓడరేవుకు దిగివచ్చినప్పుడు దొరికిపోతాడు. 1939 నాటి ‘ల జూర్ స లేవ్’లో అదే నటుడు ఒక మేడగదిలో తలుపుకు బీరువా అడ్డంపెట్టుకుని తెల్లవారేదాకా పోలీసుల మధ్య గడుపుతాడు. మొదటిదాంట్లో స్థలం ఆశ్రయమూ జైలూ రెండూ అయింది, రెండోదాంట్లో గుహ అయింది. ‘హై సియెర్రా’లో స్థలం ఆశ్రయం కూడా కాదు, వెనక్కి దిగే వీలులేని మెట్లవరుస.

అదే వాల్ష్ 1949లో రెండుసార్లు ఈ ఎత్తుకు తిరిగివచ్చాడు. ‘కొలరాడో టెరిటరీ’ ఇదే కథను గుర్రాలు, రైళ్ల కాలానికి మార్చి తీసిన వెస్టర్న్. అందులో ప్రియురాలు కూడా అతనితోపాటే చనిపోతుంది. ‘వైట్ హీట్’లో కాగ్నీ పాత్ర కొండకు బదులు గ్యాస్ ట్యాంకు ఎక్కుతుంది, నవ్వుతూ పేలిపోతుంది. రాయ్ పట్ల కలిగిన జాలి అక్కడ కలగదు. యుద్ధం ముగిసిన నాలుగేళ్లకే ప్రకృతి స్థానంలో కర్మాగారమూ, విషాదం స్థానంలో ఉన్మాదమూ వచ్చి చేరాయి. 1955లో ‘హై సియెర్రా’ కథనే రంగుల్లో, జాక్ పాలెన్స్‌తో మళ్లీ తీశారు గానీ, కాలం మారాక పాత డిలింజర్ తరం ముచ్చట్లకు ఆ పట్టు దొరకలేదు. బర్నెట్ మరో నవల ఆధారంగా హ్యూస్టన్ 1950లో తీసిన ‘ది అస్ఫాల్ట్ జంగిల్’ దీనికి అసలైన వారసత్వం: గాయపడిన దొంగ కారు నడుపుకుంటూ కెంటకీలోని చిన్ననాటి పొలానికి చేరి, గుర్రాలు మేస్తున్న గడ్డిలో పడిపోతాడు. రాయ్ పార్కులో వెతికిన పచ్చగడ్డే అది.

పేర్ల వరుస మారింది

రాయ్ పాత్రను మొదట పాల్ ముని, తర్వాత జార్జ్ రాఫ్ట్ కాదన్నారు. అప్పటిదాకా ఎక్కువగా రెండో శ్రేణి విలన్‌గా, కాగ్నీ చేతిలోనో మరొకరి చేతిలోనో చచ్చే పాత్రల్లో కనిపించిన హంఫ్రీ బోగార్ట్‌కు అలా ఆ అవకాశం దక్కింది. అయినా తెర మీద మొదట పడే పేరు అతనిది కాదు, మేరీగా నటించిన ఐడా లూపినోది. అదే ఏడాది రాఫ్ట్ మరో పాత్రను కూడా వదులుకోవడంతో హ్యూస్టన్ తొలిసారి దర్శకత్వం వహించిన ‘ది మాల్టీస్ ఫాల్కన్’ బోగార్ట్‌కే వచ్చింది. మరుసటి ఏడాది ‘కాసాబ్లాంకా’. అలిసిపోయిన, గతమున్న, పైకి కటువైన మనిషి అన్న బోగార్ట్ రూపానికి అచ్చు పోసింది రాయ్ ఎర్ల్ పాత్రే.

చిత్రంలోని లోపాల్లో కాలం క్షమించనిది ఒకటుంది. నల్లజాతి నటుడు విలీ బెస్ట్‌కు ఇచ్చిన శిబిరం పనివాడి పాత్ర నాటి హాలీవుడ్ వెక్కిరింతల మూసలోనిది. మిగతా పాత్రలన్నిటికీ గతమూ కారణాలూ కల్పించిన రచన, అతన్ని నిద్రమత్తు హాస్యానికే వదిలేసింది.

లూపినో తర్వాత దర్శకురాలై, 1953లో ‘ది హిచ్-హైకర్’ తీసింది. అదీ పరారీలో ఉన్న హంతకుడి కథే. దాన్ని చిత్రీకరించడానికి ఆమె ఎంచుకున్న ప్రదేశాల్లో లోన్ పైన్ పక్కనున్న అలబామా కొండలు కూడా ఉన్నాయి. ఈసారి ఎత్తుకు ఎక్కడం లేదు, ఎండిన నేల మీద కారు ప్రయాణమే. ఆ హంతకుడికి కుక్క లేదు, పల్లె జ్ఞాపకం లేదు, అతని పేరు పిలిచేవారూ లేరు. చివర్లో అతన్ని చంపరు; సంకెళ్లు వేసి తీసుకుపోతారు.